అరవై ఒకటో సెకను

2012 జులై 1, ఆదివారం. తూర్పున తెలతెలవారుతోంది. పాల ప్యాకెట్ల ఆటోలు, పేపరు కుర్రాళ్ళ సైకిళ్ళు తప్ప వీధుల్లో అలికిడి లేదు. భారత కాలమానం ప్రకారం సరిగ్గా 5 గంటల 29 నిమిషాల 59 సెకన్లు. మరుక్షణం అయిదున్నర కావాలి. కాలేదు. మధ్యలో ఇంకో సెకను వచ్చింది. 5 గంటల 29 నిమిషాల 60 సెకన్లు! అది గడిచాకే అయిదున్నర అయింది.

ఆ నిమిషానికి 61 సెకన్లు.

ఆ అదనపు సెకను మనకొక్కరికే రాలేదు. ప్రపంచమంతటా ఒకే క్షణంలో వచ్చింది. అంతర్జాతీయ ప్రామాణిక కాలం లెక్కన అది జూన్ 30 అర్ధరాత్రి. శాన్‌ఫ్రాన్సిస్కోలో శనివారం సాయంత్రం అయిదు, సిడ్నీలో ఆదివారం ఉదయం పది. ఇళ్ళలో గోడ గడియారాలకు సంగతే తెలియదు. చేతి వాచీలు ఎప్పటిలాగే నడిచిపోయాయి. నిద్రలో ఉన్నవాళ్ళకు అటు నుంచి ఇటు తిరిగి పడుకునేంత వ్యవధి కూడా కాదది.

కానీ కంప్యూటర్లు ఆ సెకనును దాటలేక తడబడ్డాయి. అన్నీ కాదు. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచేవాటిలో చాలా. ఇంటర్నెట్ వెనకాల ఉండే సర్వర్లలో ఎక్కువ భాగం లైనక్స్ మీదే నడుస్తాయి కాబట్టి దెబ్బ చిన్నది కాలేదు.

మొదట అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లు తూలాయి. రెడిట్ తెరుచుకోలేదు. ఫోర్‌స్క్వేర్, యెల్ప్, లింక్డిన్ లాంటి చోట్లా చిక్కులు మొదలయ్యాయి. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌ను తయారుచేసే మొజిల్లా సంస్థలో జావా మీద నడుస్తున్న సర్వర్లు ఊపిరాడనట్టయిపోయాయి. ఇంకా చెడ్డ విషయం ఏమిటంటే, ఆ ముందు రోజు రాత్రే అమెరికా తూర్పు ప్రాంతాన్ని భయంకరమైన గాలివాన ఊడ్చేసింది. వర్జీనియాలోని అమెజాన్ డేటా సెంటర్‌కు కరెంటు పోయి నెట్‌ఫ్లిక్స్, ఇన్‌స్టాగ్రామ్, పింటరెస్ట్ ఆగిపోయాయి. వాటిని తిరిగి నిలబెట్టేందుకు రాత్రంతా మేలుకున్నవాళ్ళు ఇంకా తేరుకోనే లేదు. అంతలోనే ఇది.

ఆస్ట్రేలియాలో విమాన ప్రయాణికులకు తగిలింది. క్వాంటాస్ సంస్థ చెక్-ఇన్ వ్యవస్థను అమేడియస్ అనే కంపెనీ నడుపుతోంది. ఆ వ్యవస్థ మొరాయించింది. కౌంటర్లలో తెరలు పనిచేయక సిబ్బంది ప్రయాణికుల వివరాలను చేత్తో రాసుకుని పంపాల్సి వచ్చింది. ఆదివారం ఉదయం పూట క్యూలు పెరిగిపోయాయి. 400కు పైగా విమానాలు ఆలస్యమయ్యాయని ఆనాటి వార్తలు చెప్పాయి.

జర్మనీలో హెట్జ్‌నర్ అనే సర్వర్ల కంపెనీ ఆ రాత్రి తన కరెంటు మీటర్లను చూసి ఉలిక్కిపడింది. వాడకం ఉన్నట్టుండి దాదాపు ఒక మెగావాట్ పెరిగింది. అంటే వెయ్యి కిలోవాట్లు. కొత్త సర్వర్లేవీ ఆన్ చేయలేదు. ఉన్నవే, చేసే పని ఏమీ లేకుండానే, ఒక్కసారిగా ఒళ్ళు విరుచుకుని పరిగెత్తడం మొదలుపెట్టాయి.

ఇళ్ళలో లైనక్స్ పెట్టుకున్నవాళ్ళకూ తప్పలేదు. డెస్క్‌టాప్ ముందు ఎవరూ లేరు. ఒక బ్రౌజర్ మాత్రం తెరిచి ఉంది. అయినా డబ్బా లోపల ఫ్యాను గిర్రున తిరుగుతోంది. ప్రాసెసర్ వాడకం నూరు శాతం.

ఆ తెల్లవారుజామున హైదరాబాద్‌లో నైట్ షిఫ్టులో ఉన్న ఓ కుర్రాడికీ, ఇంట్లో నిద్రపోతున్న అతని సీనియర్‌కీ మధ్య ఫోన్లో మాట ఎలా నడిచి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

"అన్నా, ఒక సర్వర్ హండ్రెడ్ పర్సెంట్ కొడుతోంది."

"ఒకటేనా?"

"ఇందాక ఒకటే. ఇప్పుడు ఆరు... ఆగన్నా, పదకొండు."

"ట్రాఫిక్ పెరిగిందా?"

"ఆదివారం పొద్దున్నే ఎవరున్నారన్నా? సైటు ఖాళీగా ఉంది."

"రాత్రి ఎవరైనా కొత్త కోడ్ ఎక్కించారా?"

"ఎవ్వరూ ఎక్కించలేదు. రిజిస్టర్ చూశాను."

"సరే, ఏది ఎన్నింటికి మొదలైందో చూడు."

కాసేపు కీబోర్డు చప్పుడు. తర్వాత కుర్రాడి గొంతు మారింది.

"అన్నా... అన్నీ అయిదున్నరకే. ఒక్కటి కూడా అటూ ఇటూ లేదు."

సర్వర్లు చూసేవాళ్ళకు ఈ చివరి మాట చాలు. ఒక యంత్రం చెడితే యంత్రాన్ని అనుమానించాలి. పదకొండు యంత్రాలు ఒకే సెకనులో చెడితే అనుమానించాల్సింది ఆ సెకనునే. లాగ్ తెరిచి చూసినవాళ్ళకు సాక్ష్యం అక్కడే దొరికింది. అంతర్జాతీయ కాలం లెక్కన 23 గంటల 59 నిమిషాల 60 సెకన్ల దగ్గర లీప్ సెకను అనే ఆ అదనపు సెకనును చేరుస్తున్నానని లైనక్స్ స్వయంగా ఒక పంక్తి రాసిపెట్టింది. ఆ పంక్తి తర్వాత అంతా గందరగోళమే.

ఇంతకీ ఆ సెకనును ఎవరు పెట్టమన్నారు?

పారిస్ అబ్జర్వేటరీలో ఒక చిన్న కార్యాలయం ఉంది. అంతర్జాతీయ భూభ్రమణ సేవా సంస్థ తరఫున భూమి ఎంత వేగంగా తిరుగుతోందో లెక్కగట్టడం దాని పని. మనం రోజుకు 86,400 సెకన్లని బళ్ళో చదువుకున్నాం. కానీ 1967 నుంచి సెకను కొలత భూమిని బట్టి లేదు. సీజియం పరమాణువు 9,192,631,770 సార్లు కంపించడానికి పట్టే కాలం ఒక సెకను. ఈ కొలత మారదు. భూమి అలా కాదు. చంద్రుడి ఆకర్షణతో సముద్రాలు పొంగి, ఆ ఆటుపోట్ల రాపిడికి భూమి తిరుగుడు యుగాల తరబడి నెమ్మదిస్తూ వస్తోంది. అటు ధ్రువాల మంచు కరిగినా, ఇటు భూగర్భంలో ద్రవలోహం కదిలినా ఆ వేగంలో తేడా వస్తుంది. రోజుకు వచ్చే తేడా సెకనులో వెయ్యో వంతు స్థాయిలోనే ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ అదే పోగవుతుంది.

అందుకని 1972లో ఒక పద్ధతి పెట్టుకున్నారు. పరమాణు గడియారానికీ భూమికీ తేడా సెకను దాటకుండా, జూన్ చివరో డిసెంబరు చివరో అవసరమైనప్పుడు ఒక సెకను కలపాలి. అదే లీప్ సెకను. లీప్ సంవత్సరానికి ఒక లెక్క ఉంది. నాలుగేళ్ళకోసారి వస్తుందని పిల్లలు కూడా చెబుతారు. దీనికి అలాంటి లెక్క లేదు. భూమిని చూసి చెప్పాలి. కబురు ఆరు నెలల ముందు మాత్రమే వస్తుంది. 2012 జనవరి 5న ఆ కార్యాలయం ప్రకటన విడుదల చేసింది: జూన్ 30 అర్ధరాత్రి ఒక సెకను కలపండి. అది 25వది. అంతకుముందుది వచ్చి మూడున్నరేళ్ళయింది.

ఆ కబురు కంప్యూటర్లకు చేరే దారి కూడా చెప్పుకోవాలి. డేవిడ్ మిల్స్ అనే అమెరికన్ ఆచార్యుడు 1985లో ఎన్‌టీపీ అనే ఏర్పాటును లోకానికి అందించాడు. మీ ఇంట్లో కంప్యూటరు, చేతిలో ఫోను తమ టైమును ఎవరూ దిద్దకుండానే దిద్దుకుంటున్నాయంటే దాని మూలం ఈయన ఆలోచనే. చిన్ననాటి నుంచీ చూపు సరిగా లేని మనిషి. చివరి రోజుల్లో అదీ పోయింది. 2024 జనవరిలో కన్నుమూశాడు. ప్రపంచంలోని యంత్రాలన్నిటికీ ఇప్పుడెంతయిందో చెప్పుకునే భాష నేర్పిన ఆయన పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఉండాల్సింది. ఎన్‌టీపీలో ఒక చిన్న జెండా ఉంటుంది. ఈ రోజు ఆఖర్న ఒక సెకను అదనంగా ఉందని అది ముందే చెబుతుంది. జూన్ 30న ఆ జెండా ఎన్‌టీపీతో టైము దిద్దుకునే లైనక్స్ యంత్రాలకు అందింది. కొన్ని పాత యంత్రాలైతే ఆ జెండా చూడగానే, అర్ధరాత్రి దాకా కూడా ఆగకుండా, పగలే బిగుసుకుపోయాయి. అది వేరే లోపం. మన కథ అర్ధరాత్రి దాకా నిలిచిన వాటిది.

ఇప్పుడు యంత్రం లోపలికి వెళదాం. అసలు కథ అక్కడే జరిగింది.

కంప్యూటర్లో టైము ఒక్కచోట ఉండదు. మదర్‌బోర్డు మీద బటన్ సెల్‌తో నడిచే గడియారం ఒకటి. కరెంటు తీసేసినా అది ఆగదు. సిస్టమ్ ఆన్ చేయగానే ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని ఒకసారి చూసి, అక్కడి నుంచి సొంతంగా లెక్క పెట్టుకుంటుంది. అది రెండోది. తెర మీద కనిపించేది ఈ రెండోదే. లైనక్స్ లోపల దీన్ని ఆధారం చేసుకుని టైమర్ల విభాగం పనిచేస్తుంది. ప్రోగ్రాములను నిద్ర లేపే బాధ్యత దానిది.

ప్రోగ్రాములు చాలాసేపు నిద్రలోనే ఉంటాయి. బ్రౌజర్ కానివ్వండి, డేటాబేస్ కానివ్వండి, చేయడానికి పని లేనప్పుడు కాసేపు పడుకుంటాయి. పడుకునే ముందు లైనక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌కు ఒక మాట చెబుతాయి: ఫలానా టైముకు నన్ను లేపు. ఆ ఫలానా టైము సాధారణంగా పదో వంతు సెకను తర్వాతో, అర సెకను తర్వాతో ఉంటుంది. లేచి, కొత్త పనేమైనా వచ్చిందా అని చూసి, లేకపోతే మళ్ళీ పడుకుంటాయి. సర్వర్లు చల్లగా ఉండేది ఈ నిద్ర వల్లే.

అర్ధరాత్రి కావస్తోంది. 23 గంటల 59 నిమిషాల 59 సెకన్లు. కెర్నెల్ దగ్గర జెండా ఉంది కాబట్టి అది చెప్పినట్టే చేసింది. సిస్టమ్ గడియారాన్ని ఒక సెకను వెనక్కి జరిపింది. 59వ అంకె రెండోసారి నడిచింది. ఇంతవరకు అంతా శాస్త్రోక్తంగానే జరిగింది.

అయితే టైమర్ల విభాగానికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఇంట్లో గోడ గడియారాన్ని సరిచేసి, పడకటింట్లో అలారం గడియారాన్ని మరిచిపోతే ఏమవుతుంది? గోడ మీద చూసి అలారం పెట్టుకున్నవాడు పక్క మీద వాలకముందే అది మోగుతుంది. లైనక్స్‌లో జరిగింది అదే. సిస్టమ్ గడియారం సెకను వెనక్కి వెళ్ళింది, టైమర్ల విభాగం పాత లెక్కలోనే ఉండిపోయింది. అంటే ఒక సెకను ముందుంది. ఒక ప్రోగ్రాము సిస్టమ్ గడియారం చూసి, ఇంకో పదో వంతు సెకనుకు లేపమని అడిగింది. టైమర్ల విభాగం తన గడియారం చూసుకుంది. దాని లెక్కలో ఆ టైము ఎప్పుడో దాటిపోయింది. వెంటనే లేపేసింది. ప్రోగ్రాము లేచి చూస్తే పనేమీ లేదు. మళ్ళీ పదో వంతు సెకను అడిగి పడుకుంది. మళ్ళీ తక్షణమే లేచింది. పడుకో, లే, పడుకో, లే. సెకనుకు వేల సార్లు. పదో వంతు సెకను విశ్రాంతి కోరిన ప్రతి ప్రోగ్రాముకూ ఆ విశ్రాంతి సున్నా అయింది. జావా, మైసీక్వెల్, ఫైర్‌ఫాక్స్... ఈ విధంగా చిన్న చిన్న కునుకులు తీసే అలవాటున్నవే ఎక్కువగా బలయ్యాయి. సెకనుకు మించి నిద్రపోయేవి ఒక సెకను ముందుగా లేచి ఊరుకున్నాయి. వాటికి అంత నష్టం జరగలేదు.

గడియారం తప్పు నడిస్తే దాన్నే నమ్ముకున్నవాళ్ళంతా కలిసికట్టుగా తప్పుతారు. అది కొంత నయం. ఒకే పెట్టెలో ఒకరు దిద్దిన టైము, ఒకరు దిద్దని టైము పక్కపక్కన నడిస్తేనే యంత్రానికి పిచ్చెక్కుతుంది. ఆ రోజు ఘటన మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచిన విషయం ఇది. తప్పు లీప్ సెకనుది కాదు. దిద్దుబాటు జరిగింది, దిద్దుబాటు కబురు వెళ్ళలేదు.

విండోస్ కంప్యూటర్లు ఈ గొడవలో పడలేదు. ఆనాటి విండోస్ లీప్ సెకనును అసలు పట్టించుకునేదే కాదు. జూన్ 30 దాటాక అది ఒక సెకను ముందుకు నడుస్తూ, ఆ తర్వాత ఎప్పుడో ఇంటర్నెట్‌లో టైము సరిచూసుకున్నప్పుడు సర్దుకుంది. బ్యాంకు లావాదేవీలకైతే ఆ ఒక్క సెకను కూడా లెక్కే. ఇంట్లో ఉత్తరం టైపు చేసుకునేవాళ్ళకు కాదు.

ఇక విరుగుడు. అమెరికాలో శనివారం సాయంత్రం, ఐరోపాలో అర్ధరాత్రి దాటిన వేళ, మన దగ్గర ఆదివారం వేకువ. ఎవరి ఇంజినీర్లు వాళ్ళ సర్వర్ల ముందు చెమటలు కక్కుతున్నారు. ప్రోగ్రామును ఆపి మళ్ళీ మొదలుపెట్టారు. లాభం లేదు. లేచిన మరుక్షణం మళ్ళీ నూరు శాతం. మొత్తం యంత్రాన్ని రీబూట్ చేస్తే తగ్గింది. కానీ వందలాది సర్వర్లను, అందులో జనం వాడుతుండగా, ఒక్కొక్కటే ఆపి లేపడం తేలిక పని కాదు. డేటాబేస్ సర్వర్ ఒకటి రీబూట్ అయి పూర్తిగా కోలుకోవడానికే చాలా సేపు పడుతుంది.

అంతలో ఇంకో దారి తేలింది. ముందు ఎన్‌టీపీ సేవను ఆపాలి. తర్వాత లైనక్స్‌లో డేట్ అనే చిన్న కమాండ్ ఉంది. ఊరికే కొడితే టైమెంతో చెబుతుంది. దాని పక్కన టైము ఇస్తే ఆ టైముకు గడియారాన్ని తిప్పుతుంది. ఆ రెంటినీ కలిపి ఒక పంక్తిగా కొట్టాలి. ఇప్పుడెంతయిందో చూడు, అదే టైము మళ్ళీ పెట్టు! తర్వాత ఎన్‌టీపీని తిరిగి మొదలుపెట్టాలి.

మొదటిసారి విన్నవాళ్ళకు ఇది నమ్మబుద్ధి కాదు. పది గంటలైన గడియారాన్ని పది గంటలకే పెడితే ఏం మారుతుంది? ముళ్ళు కదలవు కదా. కానీ మారింది. ఎంటర్ నొక్కిన క్షణంలో ఫ్యాన్ల హోరు తగ్గింది. నూరు శాతం దగ్గర బిగుసుకున్న ప్రాసెసర్ అంకె జారి జారి మామూలు స్థితికి వచ్చింది. రహస్యం ఏమిటంటే, ఎవరైనా చేత్తో టైము పెట్టినప్పుడు కెర్నెల్ తన విభాగాలన్నిటికీ విధిగా ఒక కబురు పంపుతుంది: గడియారం మారింది, మీ లెక్కలు చూసుకోండి. పెట్టిన టైము పాతదే అయినా ఆ కబురు వెళుతుంది. అర్ధరాత్రి వెళ్ళకుండా పోయింది ఆ కబురే. అది చేరగానే టైమర్ల విభాగం తన సెకనును దిద్దుకుంది. రెండు గడియారాలూ మళ్ళీ ఒక్కటయ్యాయి.

ఆ ఒక్క పంక్తి ఆ రాత్రి ఒకరి నుంచి ఒకరికి పాకింది. వేల సర్వర్లున్నచోట దాన్ని అన్నిటికీ ఒకేసారి పంపించారు. రీబూట్ లేదు, కొత్త సాఫ్ట్‌వేర్ లేదు, కొనాల్సిన విడిభాగం లేదు. గడియారం పెట్టడం, అంతే.

తాత్కాలిక వైద్యం అయింది. మూలం వెతకాల్సిన బాధ్యత జాన్ స్టుల్ట్జ్ మీద పడింది. లైనక్స్ కెర్నెల్‌లో కాలానికి సంబంధించిన కోడ్‌ను ఏళ్ళ తరబడి కనిపెట్టుకుని ఉన్న ఇంజినీరు ఆయన. వారాంతం అని చూడకుండా సమస్యను తన దగ్గర మళ్ళీ పుట్టించి, కారణం పట్టుకుని, ఆదివారమే సవరణ కోడ్ తొలి రూపాన్ని తోటి డెవలపర్ల ముందు పెట్టాడు. జులై నెలలోనే పక్కా సవరణ కెర్నెల్‌లో చేరింది.

కారణం వెతుకుతూ వెనక్కి వెళితే 2007 దగ్గర ఆగాల్సి వస్తుంది. లీప్ సెకను సమయంలో టైమర్ల విభాగానికి కబురు పంపే పిలుపు అంతకుముందు కోడ్‌లో ఉండేది. కానీ అది పంపే సమయం సరైనది కాదు. ప్రాసెసర్ ఇంకో అత్యవసర పనిలో ఉన్నప్పుడు ఆ పిలుపు వెళితే మొత్తం యంత్రమే బిగుసుకుపోయే ప్రమాదం ఉందని గుర్తించి, ఆ ఏడాది ఆ పిలుపును తీసేశారు. ఒక ప్రమాదాన్ని తప్పించడానికి తీసిన అడుగే అయిదేళ్ళ తర్వాత ఇంకో ప్రమాదానికి దారి వదిలింది. ఆ అడుగు వేసినవాళ్ళను తప్పుపట్టడం న్యాయం కాదు. వాళ్ళు చూసిన ముప్పు నిజమైనదే. స్టుల్ట్జ్ చేసిన సవరణ రెండింటికీ పరిష్కారం చూపింది: కబురు తప్పక వెళుతుంది, కానీ ప్రాసెసర్ చేతిలోని అత్యవసర పని ముగిశాక వెళుతుంది.

అరుదుగా నడిచే కోడ్‌లో లోపం దాక్కుంటే ఎవరికీ దొరకదు. రోజుకు లక్ష సార్లు నడిచే దారిలో గుంట ఉంటే తెల్లారేసరికి తెలుస్తుంది. మూడున్నరేళ్ళకు ఒక్కసారి, ఒకే ఒక్క సెకను నడిచే దారిని ఎవరు పరీక్షిస్తారు? స్టుల్ట్జ్ దానికీ జవాబు రాశాడు. రోజూ అర్ధరాత్రి ఒక దొంగ లీప్ సెకనును పుట్టించి యంత్రం తట్టుకుంటుందో లేదో చూసే పరీక్షా ప్రోగ్రాము అది. ఇవాళ లైనక్స్ కెర్నెల్‌తో పాటే ఉంటుంది. నా దృష్టిలో ఆ పరీక్ష విలువ సవరణ కన్నా ఎక్కువ.

గూగుల్ మాత్రం ముందే జాగ్రత్త పడింది. అంతకుముందు లీప్ సెకన్లలో తగిలిన దెబ్బలు గుర్తుపెట్టుకుని, అదనపు సెకనును ఒక్కసారిగా కాకుండా గంటల తరబడి మిల్లీ సెకన్ల చొప్పున తన గడియారాల్లో కలుపుకుంటూ పోయే పద్ధతిని 2011లోనే వెల్లడించింది. అర్ధరాత్రి వచ్చేసరికి ఆ సంస్థ సర్వర్లకు కలపాల్సిందేమీ మిగల్లేదు.

ఆ తర్వాత 2015 జూన్‌లో ఒకటి, 2016 డిసెంబరులో ఒకటి లీప్ సెకన్లు వచ్చాయి. మొదటిది పెద్ద గొడవ లేకుండా గడిచింది. రెండోదానికి క్లౌడ్‌ఫ్లేర్ అనే సంస్థ సర్వర్లలో కొన్ని తడబడ్డాయి. అక్కడి ప్రోగ్రాము కాలం ఎప్పుడూ ముందుకే నడుస్తుందని నమ్మింది, వెనక్కి నడిచేసరికి రుణ సంఖ్య వచ్చి కుప్పకూలింది. చివరికి 2022 నవంబరులో ఫ్రాన్స్‌లో సమావేశమైన తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ 2035 నాటికి ఈ పద్ధతికి స్వస్తి చెప్పాలని తీర్మానించింది. 1972 నుంచి ఇప్పటిదాకా కలిపినవి 27. 2016 తర్వాత ఒక్కటీ రాలేదు.

మన దేశం కూడా కాలాన్ని ఇప్పుడు గట్టిగా పట్టించుకుంటోంది. భారత కాలమానాన్ని నిలబెట్టేది ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఉన్న పరమాణు గడియారాలు. కంపెనీలు, సర్వర్లు నడిపేవాళ్ళు తమ గడియారాలను ఆ ప్రయోగశాల లేదా జాతీయ ఇన్‌ఫర్మాటిక్స్ కేంద్రం టైముతో సరిచూసుకోవాలని సైబర్ భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. సైబర్ నేరం జరిగినప్పుడు ఏ యంత్రంలో ఏది ముందు, ఏది తర్వాత జరిగిందో తేల్చాలంటే గడియారాలన్నీ ఒకే మాట చెప్పాలి మరి.

సర్వర్ల సంగతి ఇంజినీర్లు చూసుకుంటారు. మీ ఇంట్లో, మీ కొట్టులో ఉన్న డెస్క్‌టాప్ సంగతి మీరే చూసుకోవాలి. దానిలోనూ ఈ కథలో లాగే రెండు గడియారాలున్నాయి. అవి విడిపోయే దారులు మాత్రం వేరు.

సిస్టమ్ ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఎప్పటిదో పాత ఏడాదికి వెళ్ళిపోతోందా? మదర్‌బోర్డు మీది బటన్ సెల్ అయిపోయింది. చాలా డెస్క్‌టాప్‌లలో ఉండేది సీఆర్ 2032 అనే మూడు వోల్టుల సెల్. కరెంటు పూర్తిగా తీసేసి, డబ్బా పక్క రేకు విప్పి, అదే నంబరు కొత్త సెల్ వేస్తే సరిపోతుంది. పాత సెల్ పిల్లల చేతికి అందనివ్వకండి, మింగితే ప్రాణం మీదికి వస్తుంది. సెల్ బాగానే ఉండి రోజుకు సెకనో రెండు సెకన్లో తేడా వస్తుంటే అది క్వార్ట్జ్ స్ఫటికం స్వభావం. విండోస్ సెట్టింగ్స్‌లో తేదీ, టైము పేజీకి వెళ్ళి, టైమును దానంతట అదే సరిచేసుకునే ఆప్షన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. టైమ్ జోన్ భారతదేశానిదేనా అన్నది కూడా చూడండి.

ఒకే సిస్టమ్‌లో విండోస్, లైనక్స్ రెండూ పెట్టుకున్న విద్యార్థులకు ఇంకో చిక్కు వస్తుంది. లైనక్స్ నుంచి విండోస్‌కు మారితే టైము సరిగ్గా అయిదున్నర గంటలు వెనక్కి పోతుంది. మదర్‌బోర్డు గడియారంలో లైనక్స్ అంతర్జాతీయ కాలాన్ని రాస్తుంది, విండోస్ మాత్రం అది మన కాలమే అనుకుని చదువుతుంది. సెల్ మార్చినా పోదు. లైనక్స్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌తో, ఆ గడియారాన్ని స్థానిక కాలంగానే చదవమని ఒకసారి చెబితే తగాదా తీరుతుంది.

తేదీ మరీ తప్పితే గడియారం ఒక్కటే తప్పదు. బ్యాంకు సైటు, పరీక్ష దరఖాస్తు సైటు, మెయిల్, ఏవీ తెరుచుకోవు. ప్రతి భద్రమైన సైటుకూ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లే ధ్రువపత్రం ఉంటుంది. మీ సిస్టమ్ ఇంకా పదేళ్ళ వెనకే ఉన్నానని అనుకుంటే, ఆ పత్రం ఇంకా పుట్టనే లేదని నిర్ధారించి తలుపు మూసేస్తుంది. ఇది తెలియక నెట్ పాడైందని, వైరస్ పట్టిందని సిస్టమ్‌ను రిపేరు షాపుకు మోసుకెళ్ళేవాళ్ళు ఉన్నారు. మీ ఇంట్లోనో, పక్కింటి పెద్దాయన దగ్గరో ఏ సైటూ తెరుచుకోవడం లేదన్న మాట వినిపిస్తే, ఫార్మాట్ చేయించే ముందు తెర మీద కుడివైపు కింద ఉన్న తేదీని ఒక్కసారి చూడండి.